మామ్మ ఉంచుకున్న పుంజు

మొన్న వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం మా చెల్లెలు రూతు డొరగుడ నుంచి ఫోన్ చేసింది. దాని మాటల వెనకాల కోళ్ళ కూతలు వినిపిస్తున్నాయి. నిండు కూతలు కావు. మొదలుపెట్టి, సగంలో గొంతు పగిలి, సిగ్గుపడినట్టు ఆగిపోయే కూతలు. ఒకటి ఆగగానే మరొకటి అందుకుంటోంది. రూతు భర్త అక్కడి ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పిల్లవాడి సరదా కోసం టికిరి సంతలో కోడిపిల్లలు కొన్నారట. పెరిగాక చూసుకుంటే అన్నీ పుంజులేనట. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునే పక్కింటివాళ్ళు గొడవ పెడుతున్నారట. "అక్కా, ఏవి కొయ్యాలో ఏది ఉంచాలో మామ్మ ఎలగ సూసేదో నీకు గుర్తుందేటి? నానప్పుడు మరీ సిన్నదాన్ని" అంది. కొన్నాళ్ళు వాటి దగ్గర కూర్చుని చూడమన్నాను. "కూకుని సూడ్డానికి నాకు తీరికెక్కడిదక్కా" అని నవ్వింది. ఆ ఆదివారం అన్నిటినీ చికెన్ షాపుకి పంపించేసిందని, వాళ్ళు అరగంటలో శుభ్రం చేసి ఇచ్చేశారని, ఇప్పుడు ఫ్రిజ్‌లో డబ్బాల్లో ఉన్నాయని తర్వాత చెప్పింది. అందులో తప్పేమీ లేదు. నేనైనా అదే చేసేదాన్ని. కానీ ఆ పగిలిన కూతలు మాత్రం నా చెవుల్లోంచి పోలేదు. వాటిని పట్టుకుని నడుచుకుంటూ పోతే కొరాపుట్ కొండల్లోని మా దసమంతపూర్ పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి ఆగాను.

అప్పటికి మా అమ్మ దసమంతపూర్ ఆసుపత్రిలో నర్సు. నాన్న బ్లాకు ఆఫీసులో గుమాస్తా. ఆసుపత్రి వెనక రేకుల కప్పు క్వార్టరులో ఉండేవాళ్ళం. ఆ ఊళ్ళో పొద్దున్నే కొండ కనిపించేది కాదు. మంచు దిగి వచ్చి పెరట్లో నిలబడేది. ముందు బొప్పాయి చెట్టు, తర్వాత కంచె, ఆ తర్వాత కంచె అవతలి నీలగిరి చెట్లు ఒక్కొక్కటిగా ఎవరో గుర్తు చేసుకుంటున్నట్టు బయటికి వచ్చేవి. ఆ మంచులోంచే తౌడు వాసన వచ్చేది. మామ్మ వేడినీళ్ళలో తౌడూ, నూకలూ, రాత్రి మిగిలిన రాగిపిండి చోడి అంబలీ కలిపి ఒక సత్తు బేసిన్లో పిసికేది. కట్టెపొయ్యి పొగ, తడి తౌడు, కోళ్ళగూటి వెచ్చటి ఘాటు, డ్యూటీకి తయారైన అమ్మ చీరమీద డెట్టాలు. ఈ నాలుగు వాసనలూ కలిస్తే నాకు ఇప్పటికీ తెల్లవారినట్టు ఉంటుంది. ఇప్పుడు నేనుంటున్న ఊళ్ళో ఏ ఒక్కటీ లేకుండానే తెల్లవారిపోతోంది.

మామ్మ అంటే నాన్నగారి అమ్మ. బొబ్బిలి వైపు పల్లెలో తాతయ్య పోయాక, ఒక రేకు పెట్టె, ఒక బైబిలు, గంప కింద ఒక కోడిపెట్ట తీసుకుని మా దగ్గరికి వచ్చేసింది. ఇంట్లో అడుగుపెట్టాక ఆమెకి తెలిసిన విషయం ఏమిటంటే, ఇక్కడ అన్నీ కోడలి పద్ధతులే అని. నీళ్ళు మరగకాచి వడపోయాలి. కూరగాయలు ఉప్పునీళ్ళలో కడగాలి. మడత మంచం మీద దోమతెర కట్టాలి. గచ్చు ఫినాయిలుతో తుడవాలి. అమ్మ ఎప్పుడూ గట్టిగా మాట్లాడేది కాదు. మామ్మ తోమిన గిన్నెను ఇంకోసారి కడిగేది, అంతే.  మామ్మ మెల్లగా వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి పెరట్లోకి జరిగిపోయింది. గంప కింద వచ్చిన పెట్ట పిల్లల్ని చేసింది. ఆ పిల్లలు మళ్ళీ పిల్లల్ని చేశాయి. రెండు మూడేళ్ళు తిరిగేసరికి పెరడంతా మామ్మ రాజ్యమైపోయింది. ఇంట్లో ఏ కూర వండాలో అమ్మ చెప్పేది. ఏ కోడి ఎప్పుడు కూరవుతుందో మాత్రం మామ్మ చెప్పాలి. ఆ ఒక్క మాట దగ్గర ఆమెను ఎవరూ దాటలేదు.

పిల్లలు గుప్పెడంత ఉన్నప్పుడే మామ్మకి పుంజులేవో తెలిసిపోయేవి. జుట్టు ముందుగా ఎర్రబారేది పుంజు. నిలబడితే కాళ్ళు ఎడంగా పెట్టేది పుంజు. ఇంకొంచెం ఎదిగితే మెడమీద ఈకలు మొనతేలతాయి. ఆ పైన చూపు వేరే. సాయంత్రం అవి గూట్లోకి వెళ్ళేవేళ మామ్మ గూటి పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఒక్కొక్కదాన్నీ లోపలికి పోనిచ్చే ముందు రెండు చేతుల్లోకీ తీసుకుని, రొమ్ము ఎముకకి అటూ ఇటూ వేళ్ళు వేసి చూసేది. కళ్ళు మూసుకునేది. ప్రార్థన చేస్తోందేమో అనుకునేదాన్ని. "ఎముక కత్తిలాగ తగులుతంది. ఇంకా టైముంది" అనేది. లేకపోతే "ఇది తయారైపోనాది" అనేది. పుంజుపిల్ల మొదటిసారి కూయబోయి గొంతు పగిలిన రోజు నుంచి ఆమె లెక్క మొదలయ్యేది. కూత పూర్తిగా కుదిరి, పెట్టల వెంట పరుగెత్తి, ఒకదానితో ఒకటి కొట్లాట మొదలుపెట్టాయా, ఇక తిన్నదంతా ఆ పరుగులకే పోతుందని, కండ పీచు కడుతుందని ఆమె చెప్పేది. ఆ రెంటికీ మధ్య ఒక చిన్న సందు ఉంటుంది. ఆ సందులో కొయ్యాలి. నాన్న కోడిని కొయ్యలేడు. పట్టుకోమంటేనే మొహం తిప్పుకునేవాడు. అందుకని మామ్మే చెంబుతో దానికి నీళ్ళు తాగించి, బొప్పాయి చెట్టు వెనక్కి తీసుకువెళ్ళేది. మమ్మల్ని రావద్దనేది కాదు, రమ్మనేదీ కాదు.

నేను చెప్పబోయే ఏడు, మా మొదటి పుంజు ముసలిదైపోయింది. కాలి ముళ్ళు వంకరతిరిగి పెరిగి, నడుస్తుంటే ఒకదానికొకటి తగిలేవి. గుడ్లు పొదగేస్తే సగం మురిగిపోతున్నాయి. ఆ వేసవిలో పొదిగిన పుంజుపిల్లల్లోంచి కొత్తదాన్ని ఎంచుకోవాలి. ఇంట్లో తలా ఒకటి ఎంచుకున్నాం. నాన్నకి పొడుగుకాళ్ళ ఎర్ర డేగ పుంజు నచ్చింది. నాకు తెల్లటిది కావాలి. రూతు ప్రతిరోజూ ఒకదాన్ని మార్చేది. మామ్మ ఎవరికీ ఏమీ చెప్పకుండా చాలా రోజులు చూసింది. చూడడమంటే పనులు మానేసి చూడడం కాదు. చోళ్ళు చెరుగుతూ, చింతపండు గింజలు తీస్తూ, మధ్యలో తలెత్తి చూసేది. ఒకరోజు పెంటకుప్ప దగ్గర బూడిదరంగు మైల పుంజు ఒక పురుగుని ముక్కుతో పైకి తీసి, మింగకుండా కింద వదిలేసి, గొంతులో చిన్నగా శబ్దం చేసింది. పెట్టలు పరిగెత్తుకొచ్చాయి. ఒక పెట్ట ఆ పురుగును తినేదాకా అది పక్కన నిలబడి ఉంది. ఇంకోరోజు గద్ద నీడ పెరటి మీద పడింది. డేగ పుంజు, తెల్లది, అన్నీ కంప కిందకి దూరిపోయాయి. మైల మాత్రం అరిచి, పెట్టలన్నీ దూరాక చివరగా దూరింది.

"ఇదే ఉంటాది" అంది మామ్మ.

నాన్న నిరాశపడ్డాడు. "బూడిదలో పొర్లినట్టుంది. దీంట్లో ఏటి సూసేవమ్మా?"

"మనిసికి తిండి దొరికితే ముందు ఎవుల్ని పిలుస్తాడో, అది సూసేను" అంది మామ్మ, చేట దులుపుకుంటూ.

మైల ఉండిపోతుందని తేలింది. మిగతావాటిని ఎప్పుడు కొయ్యాలన్న దగ్గర మాత్రం ఆ ఏడు మొదటిసారి అమ్మ అడ్డం వచ్చింది. వానలు వెనక్కిపోతున్నాయి. పక్క ఊళ్ళలో కోళ్ళకి తెగులు మొదలైందని ఆసుపత్రికి వచ్చేవాళ్ళు చెబుతున్నారు. మెడ వాల్చి, తెల్లగా పారుకుని, ఉదయానికి గూడు గూడంతా చచ్చిపోతున్నాయట. పశువుల డాక్టరు దగ్గర టీకా మందు ఉందని అమ్మ కనుక్కుని వచ్చింది. ఆ సాయంత్రం యూనిఫాం చీరతోనే పెరట్లోకి వచ్చి నిలబడింది. అలా రావడం అరుదు.

"అత్తా, పుంజుల్ని ఇప్పుడే కోసీండి. లేదంటే అన్నిటికీ సూది ఏయిద్దాం. కాంపౌండరుకి సెప్పేను, రేపొస్తాడు."

"సూదులు మనుసులకి సాలు" అంది మామ్మ. "పుంజులికి ఇంకా కండ పట్టనేదు. నాను సూసేను."

"కండ పట్టేవరకూ తెగులు ఆగుతాదా అత్తా?"

 మామ్మ చేతిలో ఉన్న పుంజుని గూట్లోకి వదిలి, ఇంకోదాన్ని తీసుకుని కళ్ళు మూసుకుంది. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఇద్దరూ మాతోనే మాట్లాడారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. మర్నాడు కాంపౌండరు వచ్చాడు, సూది వెయ్యకుండానే టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ వారమే అమ్మకి జ్వరం వచ్చింది. కొండ పల్లెలకు డ్యూటీ మీద వెళ్ళి వచ్చిన రోజు వణుకుతూ వచ్చి, మాకెవరికీ చెప్పకుండా మాత్రలు వేసుకుని పడుకుంది. మర్నాడు లేవలేదు. ఆ మర్నాటికి నన్ను చూసి తన చెల్లెలి పేరు పెట్టి పిలిచింది. మలేరియా తలకెక్కిందని డాక్టరు అన్నాడు. ఆసుపత్రి జీపులో కొరాపుట్ తీసుకువెళ్ళారు. నాన్న ఒళ్ళో అమ్మ తల ఉంది. జీపు మంచులోకి వెళ్ళి, వెనక ఎర్ర లైటు కొంచెంసేపు కనబడి, తర్వాత అదీ లేదు. రూతు నా గౌను పట్టుకుని నిలబడింది. మామ్మ జీపు వెళ్ళిన వైపు చూస్తూ, నెమ్మదిగా, తనలో తను అనుకుంటున్నట్టు, "నా ఎదురుగా ఎవుల్నీ తీసుకెళ్ళకు ప్రభువా" అంది.

ఆ తర్వాతి రోజులు నాకు నీళ్ళలోంచి చూసినట్టు కనిపిస్తాయి. కొరాపుట్ నుంచి వచ్చే బస్సు డ్రైవరు నాన్న పంపిన కబురు చెప్పేవాడు. ఒకరోజు అలాగే ఉంది, ఒకరోజు కళ్ళు తెరిచింది, ఒకరోజు మళ్ళీ అలాగే ఉంది. ఇక్కడ పెరట్లో తెగులు దిగింది. మొదట ముసలి పుంజు పోయింది. తెల్లది నా కళ్ళముందే మెడ వెనక్కి మెలిపెట్టుకుని గుండ్రంగా తిరిగి పడిపోయింది. మామ్మ గోతులు తవ్వించి, సున్నం చల్లించి, ఒక్కొక్కదాన్నీ పూడ్పించింది. ఏడవలేదు. నేను పక్కన నిలబడి ఉంటే, "మీ యమ్మ సెప్పింది" అంది.  మైల పుంజునీ, రెండు పెట్టల్నీ మాత్రం తెగులు రాకముందే ఇంట్లోకి తెచ్చి, అమ్మ ఫినాయిలుతో తుడిచే స్టోరు గదిలో గంపల కింద మూసింది. ఆ మూడే మిగిలాయి. పొద్దున్నే ఇంటి మధ్యలోంచి మైల కూసేది. గోడలు కదిలినట్టుండేది. రూతు నిద్రలోంచి లేచి, "అమ్మొచ్చిందా?" అనేది.

అమ్మ వచ్చింది. నాన్న భుజం పట్టుకుని జీపు దిగింది. జుట్టు పలచబడింది, చేతిగాజులు మోచేతి వరకూ జారుతున్నాయి. క్వినైన్ మందుకి చెవుల్లో హోరు, నోరంతా చేదు. ఏం పెట్టినా తల పక్కకి తిప్పేసేది. గంజి తాగేది కాదు. బిస్కెట్టు నీళ్ళలో ముంచి ఇస్తే నాలిక మీద పెట్టుకుని అలాగే ఉండిపోయేది. లేతకోడి చారు పట్టిస్తే కొంచెం శక్తి వస్తుందేమో అన్నాడు డాక్టరు. నాన్న సంచీ తీసుకుని సంతకి బయలుదేరాడు. మామ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"సంతలో ఇప్పుడు ఏ రోగం కోడిని అమ్ముతన్నారో ఎవులికి తెలుసురా. ఉండు."

"మరేటి సేద్దామమ్మా? పెట్టల్ని కోస్తావా?"

"ముసిలి పెట్టలు. పీచు. సుసీలకి పళ్ళాడించే ఓపికేదిరా."

నాన్న స్టోరు గది వైపు చూశాడు. "అది ఉంచుకున్నది కదమ్మా" అన్నాడు మెల్లగా. మామ్మ అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. గంప ఎత్తింది. మైలని చంకలో పెట్టుకుని, దాని వీపు నిమురుతూ పెరట్లోకి నడిచింది. నీళ్ళు తాగించింది. అది ఒక గుక్క తాగి తలెత్తి చూసి, మళ్ళీ తాగింది. ఎప్పుడూ రొమ్ము తడిమి చూసే మామ్మ ఆవేళ తడమలేదు.

చారు మామ్మే కాచింది. అమ్మ మంచాన పడ్డాక వంటిల్లు మళ్ళీ ఆమె చేతికి వచ్చింది. అయినా నీళ్ళు మరగకాచి, గుడ్డలో వడపోసి, గిన్నెను రెండుసార్లు కడిగి మరీ కాచింది. మిరియాలు, జీలకర్ర, అల్లం, రెండు చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు, అంతే. ఆ ఆవిరి ఇల్లంతా తిరిగి దోమతెరలోకి వెళ్ళింది. అమ్మ కళ్ళు తెరిచింది. మామ్మ మంచం అంచున కూర్చుని చెంచాతో పట్టింది. నాకు తెలిసి ఆవిడ ఆ మంచం మీద కూర్చోవడం అదే మొదటిసారి.

"ఏ కోడత్తా ఇది?" అంది అమ్మ.

"కోడి. తాగు" అంది మామ్మ.

అమ్మ గిన్నె మొత్తం తాగింది. సాయంత్రం మెత్తటి ముక్కలు కొన్ని తింది. తెల్లవారాక చాలాసేపు పైకప్పు వైపు చూస్తూ పడుకుని, "ఇంట్లో పుంజు కూసేది కదా. ఇయాల కుయ్యలేదేటి?" అని అడిగింది. గుమ్మం దగ్గర ఆడుకుంటున్న రూతు, "ఎలా కూస్తాదమ్మా, మామ్మ కోసీసింది కదా" అంది.  అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. దోమతెరలోంచి ఆమె వీపు మాత్రమే కనబడింది. అది కదులుతూ ఉంది.

చలికాలం గట్టిపడేసరికి అమ్మ తిరిగి డ్యూటీకి వెళ్ళగలిగింది. పెరట్లో రెండు పెట్టలు పుంజు లేకుండా తిరుగుతున్నాయి. గుడ్లు పెడుతున్నాయి, ఆ గుడ్లు పొదిగినా పిల్లలు కావు. మామ్మ ఆ ఊసే ఎత్తలేదు. ఒకరోజు చీకటిపడే వేళకు అమ్మ పల్లెల నుంచి నడిచి వచ్చింది. కొట్పాడ్ నేత తువ్వాలు ఒకటి ఉండేది ఆమెకి, మంజిష్ఠ ఎరుపు అంచుది, చలికి భుజాల మీద కప్పుకునేది. ఆ తువ్వాలు భుజాల మీద లేదు. దాన్ని చుట్టి చంకలో పెట్టుకుంది. అందులోంచి ఒక ఎర్రటి జుట్టు, ఒక కోపపు కన్ను బయటికి చూస్తున్నాయి. తను పురుడు పోసిన ఇంట్లో పుంజుపిల్లలు ఎన్నో ఉంటే, అందులోంచి తనే ఏరి అడిగి తెచ్చిందట. పెరట్లోకి వెళ్ళి మామ్మ ముందు తువ్వాలు విప్పింది.

"మైల లాటిది దొరకలేదత్తా. దీన్ని సూసేను. బాగుందనిపించింది."

అది నల్లటి ఒళ్ళు, నిప్పులాంటి మెడ ఉన్న పుంజుపిల్ల. నిజంగా అందంగా ఉంది. నేల తగలగానే తౌడు బేసిన్ మీదికి ఎక్కి, రెండు పెట్టల్నీ పొడిచి తరిమేసి, తను తినడం మొదలుపెట్టింది. కడుపు నిండాక రూతు కాలిమీదికి ఎగిరింది. నాన్న నవ్వు ఆపుకున్నాడు. మామ్మ దాన్ని చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళూ ఎన్ని పుంజుల్ని చూసిందో, ఎన్నిటిని పక్కనపెట్టిందో నాకు తెలుసు. ఈ పుంజు ఆ చూపు ముందు ఒక్క పూట నిలవదనుకున్నాను.

"బాగుంది" అంది మామ్మ. "ఉండనీ."

అది ఉండిపోయింది. ఆ పుంజు మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పెరట్లోకి కర్ర లేకుండా వెళ్ళినవాళ్ళు లేరు. పోస్టుమేను ఉత్తరాలు కంచె మీంచి విసిరేవాడు. పాస్టరుగారు ప్రార్థనకు వస్తే, ఆయన కళ్ళు మూసుకున్నాక వసారాలోకి వచ్చి పంచె పట్టుకుని లాగింది. మేత దొరికితే ఒక్క పెట్టనూ పిలిచేది కాదు. గద్ద వస్తే అందరికంటే ముందు గూట్లో ఉండేది. నాన్న వారం వారం, "దీన్ని కోసీయమ్మా, నీకు దండం పెడతాను" అనేవాడు. "ఇంకా కూతకి రానేదు" అనేది మామ్మ. అప్పుడే పుంజు గూటి మీదికెక్కి ఊరంతా వినబడేలా కూసేది. మరోసారి కండ పట్టలేదనేది. ఇంకోసారి ఈకలు రాలే కాలమనేది. దాని రొమ్ము తడిమి, కళ్ళు మూసుకుని, ఎంతో ఆలోచించినట్టు తల అడ్డంగా ఊపేది. అమ్మ ఆ సమయంలో వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉండేది. ఆమె మొహం నాకు కనిపించేది కాదు. ఒకటి మాత్రం గమనించాను. ఆ చలికాలం తర్వాత మామ్మ తోమిన గిన్నెను అమ్మ మళ్ళీ కడగడం నేను చూడలేదు. ఆ ఏడు వచ్చిన కోడిపిల్లలన్నిటికీ కాంపౌండరు వచ్చి సూది వేశాడు. మామ్మే ఒక్కొక్కదాన్నీ పట్టుకుని రెక్క చాపి ఇచ్చింది.

కొన్నేళ్ళు అలా గడిచాయి. నేను కొరాపుట్‌లో హాస్టల్లో చేరాను. సెలవులకి వచ్చిన ఒక వానాకాలం మధ్యాహ్నం, మామ్మా అమ్మా వసారాలో ఎదురెదురుగా కూర్చుని పనస గింజలు ఒలుస్తున్నారు. మామ్మకి అప్పటికి చూపు మందగించింది. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. గొడుగు వేసుకుని కంచె దాటబోయిన పాలవాడి మీదికి పుంజు వానలోనే ఎగిరింది. గొడుగు ఒకవైపు, మనిషి ఒకవైపు పరిగెత్తారు.  గింజల పొట్టు గిన్నెలో పడుతున్న చప్పుడు.

"సుసీలా" అంది మామ్మ. "దీన్ని నువ్వు తెచ్చిన వారమే కోసీవలసింది."

"తెలుసత్తా" అంది అమ్మ.

"తెలుసా?"

"తెచ్చిన మర్నాడే తెలిసింది. బేసిన్ కాడ సూసేను."

"మరి సెప్పలేదేటి?"

"మీరెప్పుడు కోస్తారా అని సూస్తా ఉన్నాను."

మామ్మ చేతిలో గింజ పట్టుకుని అలాగే ఆగింది. తర్వాత భుజాలు కదిలాయి. అమ్మ పెదాలు బిగించింది, ఆగలేకపోయింది. ఇద్దరూ నవ్వారు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వారు. వాళ్ళిద్దరూ ఒకే విషయానికి కలిసి నవ్వడం నేను అంతకుముందు వినలేదు. లోపలి గదిలోంచి నాన్న వచ్చి, ఏమైందని అడిగాడు. ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడే, క్రిస్మస్ దాటాక, మామ్మ పోయింది. కష్టపడకుండా పోయింది. చివరి రోజుల్లో అమ్మే ఒళ్ళు తుడిచి, తల దువ్వి, చెంచాతో అంబలి పట్టింది. సమాధి కార్యక్రమానికి బొబ్బిలి వైపు నుంచి వచ్చిన బంధువులు పెరట్లో పుంజుని చూసి, ఇంత పెద్దది ఉండగా వేరే కొనడమెందుకన్నారు. అమ్మ పెరటి తలుపు మూసేసి, నాన్నని బజారుకి పంపింది. పుంజు ఇంకో ఏడాది బతికి, కళ్ళు మసకలు కమ్మి, ఎవరి మీదికీ ఎగరడం మానేసి, ఒక మంచు ఉదయం గూట్లోనే చచ్చి పడి ఉంది.

ఇప్పుడు మేం తినే కోడి ఏ రంగుదో మాకు తెలియదు. అది ఎప్పుడు చావాలో దాన్ని చూడని మనుషులు ఎక్కడో ముందే నిర్ణయిస్తారు. వారానికి రెండుసార్లు తింటాం, మామ్మ కాలంలో నెలకొకసారి తిన్నా గొప్పే. ఆ రోజులే మంచివని నేను అనను. తెగులుకి పెరడు పెరడంతా పోయేది, జ్వరానికి మనుషులు పోయేవారు, అమ్మ ఆ జీపులోంచి తిరిగి రాకపోయి ఉండవచ్చు. కానీ ఒక ప్రాణాన్ని తీసే ముందు దాన్ని అన్నాళ్ళు చూడడం, చేతుల్లోకి తీసుకుని బరువు తెలుసుకోవడం, ఇవాళ కాదు అని వదిలేయడం, ఈ మూడూ ఒక ఇంట్లో రోజువారీ పనులుగా ఉండేవని చెబితే మా పిల్లలు నమ్మరు. చూడడానికి అంత సమయం ఎవరిచ్చారని అడుగుతారు. 

మామ్మ పోయిన తర్వాతి ఏడాది, ఆ నల్లపుంజు పిల్లల్లో పుంజులు ఎదిగాయి. నేను సెలవులకి ఇంట్లో ఉన్నాను. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, చీర మార్చుకోకుండానే పెరట్లో బల్ల వేసి, పక్కన చోటుంచి నన్ను పిలిచింది. "రా అమ్మీ. ఏది ఉంచుదామో సూద్దాం." అలాంటి మాట నన్నెవరూ అంతకుముందు అడగలేదు. ఇద్దరం కూర్చున్నాం. మంచు కొండ మీంచి దిగుతోంది. పుంజులు మా ముందు తిరుగుతున్నాయి, గీరుతున్నాయి, ఒకదాని మెడ మరొకటి చూసి ఆగుతున్నాయి. నేను ఎర్రదన్నాను. అమ్మ చారలదంది. కాసేపటికి నేను చారలదంటే, ఆమె ఎర్రదే నయమేమో అంది.  ముందు నీలగిరి చెట్లు, తర్వాత కంచె, మంచులోకి వెళ్ళిపోయాయి. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. పుంజులు ఒక్కొక్కటే తమంతట తామే గూట్లోకి నడిచాయి, చివరిది కొంచెం తటపటాయించి అదీ వెళ్ళింది. అమ్మ లేచి వెళ్ళి గూటి తలుపు వేసింది.

"రేపు సూద్దాంలే" అంది.

ఆ వారమంతా మేం వేటినీ కొయ్యలేదు.